స్కాన్ ఉండగా ప్రింట్ తీసిన గుండె నమూనా దేనికి? (కరోనరీ పుట్టుకలో తేడా ఉన్నప్పుడు)

శ్రీహర్ష

అందరికీ నమస్కారం. మా తమ్ముడికి 17 ఏళ్లు. ఆటలో పరుగెడుతూ కళ్లు తిరిగి పడిపోయాడు. ఎకో చేసిన డాక్టరు గారికి అనుమానం వచ్చి సీటీ యాంజియో రాశారు. కుడి కరోనరీ ధమని (గుండె కండరానికే రక్తమిచ్చే నాళం) తన చోట పుట్టకుండా అయోర్టా (గుండె నుంచి ఒంటికి రక్తం తీసుకెళ్లే పెద్ద ధమని) మొదట్లో ఉండే ఎడమ సైనస్ అనే ఉబ్బు నుంచి మొదలై, అయోర్టాకీ, ఊపిరితిత్తులకు వెళ్లే పల్మనరీ ఆర్టరీకీ మధ్య సందులోంచి వెళ్తోందట. రిపోర్టు చివర్లో ‘ఇంట్రామ్యూరల్ అనుమానం’ అని కూడా రాశారు.

సర్జన్ గారు, “వీడి స్కాన్ నుంచే గుండె నమూనా ప్రింట్ తీయిద్దాం, అది చేతిలో పెట్టుకుని మాట్లాడుకుందాం” అన్నారు. నాకు అర్థం కానిదల్లా ఒకటే. కంప్యూటర్‌లో ఆ గుండెను అన్ని వైపులా తిప్పి చూపిస్తూనే ఉన్నారు కదా, మళ్లీ ప్లాస్టిక్ బొమ్మ ఎందుకు? దాన్ని చూసి ఆపరేషన్ కావాలో వద్దో తేల్చగలరా? తెలిసినవాళ్లు చెప్పండి.

పల్లవి_రేడియాలజీ

హర్ష గారూ, అన్నిటికంటే ముందు: పరీక్షలన్నీ అయ్యేదాకా తమ్ముణ్ణి ఆటకూ పరుగుకూ పంపకండి. డాక్టర్లు చెప్పే ఉంటారు, అయినా కుర్రాళ్లు వినరు కాబట్టి మళ్లీ చెబుతున్నా.

ఇక మీ ప్రశ్న. కుడి కరోనరీ తప్పు చోట పుట్టడం ఒక్కటే అయితే చాలామందికి జీవితాంతం ఏ ఇబ్బందీ రాదు. ఇబ్బంది పెట్టేవి దాని పక్కనుండే వివరాలు. నాళం నోరు గుండ్రంగా ఉందా, చీలికలా నొక్కుకుపోయి ఉందా? అయోర్టా నుంచి బయటికి తిన్నగా వస్తోందా, గోడకు ఆనుకుని వాలుగా జారుతోందా? గోడ బయట నడుస్తోందా, కొంతదూరం అయోర్టా గోడ మందంలోనే సొరంగంలా దూరి వెళ్తోందా? మీ రిపోర్టులో ‘ఇంట్రామ్యూరల్’ అన్నది ఈ చివరి దాని గురించే. సీటీలో ఆ సొరంగం గోడలు విడిగా కనిపించవు. నాళం అక్కడ కోడిగుడ్డులా సాగినట్టుండటం, చుట్టూ ఉండాల్సిన కొవ్వు పొర మాయమవడం చూసి ‘అనుమానం’ అని రాస్తాం.

తెరమీద తిప్పేది ఎంత అందంగా ఉన్నా అది చదును బొమ్మే. సర్జన్ అయోర్టాను తెరిచి పైనుంచి లోపలికి చూస్తారు. నమూనాను సరిగ్గా అక్కడే కోయించుకుంటే ఆపరేషన్ టేబుల్ మీద కనబడబోయేది ముందే చేతిలో ఉంటుంది. నోటికీ, వాల్వ్ రెక్కలు రెండు కలిసే మూలకీ ఎంత దూరమో వేలు పెట్టి చూసుకోవచ్చు. అంతవరకు అది చాలా పనికొస్తుంది. కావాలా వద్దా అన్నది మాత్రం బొమ్మ చెప్పదు.

బాలు_ప్రింట్స్

ఇది భలే టాపిక్! నా దగ్గర రెజిన్ ప్రింటర్ ఉంది, ఒక్కో పొర 0.05 మి.మీ. అంటే వెంట్రుకంత వివరం కూడా వస్తుంది. అలాంటప్పుడు స్కాన్‌లో సరిగ్గా కనబడనిది కూడా ప్రింట్‌లో స్పష్టంగా తేలాలి కదా? ప్రింటర్ అంత కచ్చితంగా ఉన్నాక ఇంకా ‘అనుమానం’ ఎందుకుంటుంది?

సుధాకర్_బయోమెడ్

బాలూ, ప్రింటర్ స్కాన్‌లో ఉన్నదాన్నే గీస్తుంది. అసలు ఇరుకంతా అంతకుముందే ఉంది. ఈ ఫైళ్లు తయారుచేయడమే నా పని కాబట్టి కొంచెం లోతుగా చెబుతా.

గుండె సీటీలో 200 మి.మీ. వెడల్పును 512 గడులుగా విడగొట్టారనుకో, ఒక్కో గడి దాదాపు 0.39 మి.మీ. ముక్క మందం 0.5 నుంచి 0.6 దాకా. ఆరోగ్యంగా ఉన్న కుడి కరోనరీ మొదట్లో మూడు మి.మీ. పైచిలుకు వెడల్పు ఉంటుంది, దానికి ఎనిమిది గడులు దొరుకుతాయి. చీలిక నోరయితే అడ్డంగా ఒక మి.మీ. మాత్రమే ఉండొచ్చు. అంటే రెండున్నర గడులు! అందులో అంచు గడి ఒకటి లోపలిదా బయటిదా అన్నది నేను మౌస్‌తో తేల్చాలి. అటు తేలిస్తే నోరు ఇరుకు, ఇటు తేలిస్తే ఫర్వాలేదు. నీ ప్రింటర్ 0.05 మి.మీ. పొరలతో నా నిర్ణయాన్ని అచ్చుగుద్దినట్టు దింపుతుంది, అంతే.

పద్ధతి ఇలా ఉంటుంది. కాంట్రాస్ట్ మందు కలిసిన రక్తం స్కాన్‌లో బాగా తెల్లగా, 300 హౌన్స్‌ఫీల్డ్ యూనిట్లకు (సీటీలో ఎంత తెల్లగా ఉందో చెప్పే కొలత) అటూ ఇటూ ఉంటుంది. కండరం 100 లోపే. ఈ రెంటికీ మధ్య ఒక గీత గీసి, ‘దీనికి పైనున్నదంతా రక్తం’ అని సాఫ్ట్‌వేర్‌కు చెబుతాం. 3డీ స్లైసర్ ఉచితంగా దొరుకుతుంది, ఆసుపత్రుల్లో మిమిక్స్ లాంటివి వాడతారు. ఆ గీతను 180 దగ్గర పెడితే నాళాలు బలుస్తాయి, 280 దగ్గర పెడితే బక్కచిక్కుతాయి. తర్వాత మెట్లుమెట్లుగా ఉన్న ఉపరితలాన్ని నునుపు చేస్తాం. ఇక్కడ ఒక్క క్లిక్ ఎక్కువైతే సన్నటి చీలిక పూడిపోవచ్చు, లేదా గుండ్రంగా తేలవచ్చు. అందుకే ప్రింటర్‌కు పంపే చివరి ఎస్‌టీఎల్ ఫైలు (3డీ ఆకారం ఉండే ఫైలు) అంచుల్ని మళ్లీ అసలు స్కాన్ మీద పరిచి, ముక్క ముక్కా రేడియాలజిస్టు చూసి సంతకం పెట్టాలి. అది జరగని నమూనా షోకేసులో పెట్టుకోవడానికే.

క్యాత్‌ల్యాబ్_మాధవి

సుధాకర్ గారు చెప్పినదానికి ఒకటి కలుపుతా. స్కాన్ తీసేటప్పుడు గుండె వేగం తగ్గడానికి బీటా బ్లాకర్ ఇస్తాం, నాళాలు విచ్చుకోవడానికి నాలుక కింద నైట్రోగ్లిజరిన్ పెడతాం, పడుకోబెట్టి ఊపిరి బిగపట్టమంటాం. ఆపైన గుండె విశ్రాంతిగా ఉండే క్షణాన్ని ఎంచుకుంటాం. ఆ ఒక్క క్షణమే ప్రింట్ అవుతుంది.

మరి ఈ అబ్బాయి పడిపోయింది ఎప్పుడు? పరుగెడుతుంటే. అప్పుడు గుండె దడదడా కొట్టుకుంటుంది, అయోర్టా ఉబ్బుతుంది, గోడలో ఇరుక్కున్న నాళం మరింత నొక్కుకుపోతుంది. అది బొమ్మలో లేదు, ఉండదు కూడా. దాన్ని పట్టుకోవాలంటే ట్రెడ్‌మిల్, స్ట్రెస్ ఇమేజింగ్ కావాలి. ఇంకా తేలకపోతే క్యాత్‌ల్యాబ్‌లో డోబుటమీన్ (గుండెను పరుగులోలా గట్టిగా కొట్టించే మందు) ఎక్కిస్తూ ఎఫ్ఎఫ్ఆర్ (ఇరుకుకు ముందూ తర్వాతా రక్తపు ఒత్తిడి ఎంత తగ్గిందో చెప్పే అంకె) కొలవడం, నాళంలోపల అల్ట్రాసౌండ్ పెట్టి చూడటం. మామూలు బ్లాకులకు వాడే అడినోసిన్ ఈ కేసుల్లో మోసం చేస్తుంది. నాళాలను విప్పుతుంది గానీ పరుగులో పడే ఒత్తిడిని తీసుకురాదు.

నిజం_కావాలి

అంటే నేను అనుకున్నదే. ఏ గడి లోపలో మనిషి చేత్తో తేలుస్తాడు, గుండె కదలదు, నిర్ణయానికి వేరే పరీక్షలు కావాలి. ఇంకెందుకండీ బొమ్మ? ఈ నమూనాల మీద వచ్చిన పేపర్లు తిరగేయండి. ఎక్కువ భాగం ఒకటో రెండో కేసులు, కాకపోతే ‘మీకు ఉపయోగపడిందా’ అని సర్జన్లను అడిగిన సర్వేలు. కొత్త వస్తువు చేతికిచ్చి బాగుందా అంటే ఎవరు బాగాలేదంటారు?

ఇంకోటి. పీట్ మారవిచ్ అని అమెరికాలో పేరుమోసిన బాస్కెట్‌బాల్ ఆటగాడు. 1988లో 40 ఏళ్లకే ఆడుతూ కుప్పకూలాడు. పోస్ట్‌మార్టమ్‌లో చూస్తే ఎడమ కరోనరీ ధమనే లేదు. ఆ గుండెతోనే 1970 నుంచి 1980 దాకా ఎన్‌బీఏలో ఆడాడు! ఆయన గుండె నమూనా అప్పట్లో ఎవరైనా ప్రింట్ తీసి ఉంటే ఏం చెప్పేవాళ్లు? వచ్చే వారం పోతాడనేవాళ్లు. ఆకారం చూసి జాతకం చెప్పడం కుదరదు.

డా_వంశీ_పిల్లల_గుండె

నిజం గారి కోపంలో సగం న్యాయం ఉంది. మిగతా సగానికి నా జవాబు.

ఆపరేషన్ ‘చేయాలా’ అన్నదానికి నమూనా వాడటం లేదండీ. ‘ఎలా చేయాలి’ అన్నదానికి వాడతాం. ఈ అబ్బాయి విషయమే తీసుకోండి. గోడలో సొరంగం ఉంటే మామూలుగా చేసేది అన్‌రూఫింగ్, అంటే అయోర్టా లోపలివైపు నుంచి ఆ సొరంగం పైకప్పును కత్తిరించి, నోరు విశాలంగా తన సైనస్‌లోకే తెరుచుకునేలా చేయడం. చక్కటి ఆపరేషన్. కానీ సొరంగం వాల్వ్ రెక్కలు కలిసే మూలకు వెనకగా, దాని కిందగా పోతుంటే కప్పు కోసినప్పుడు ఆ మూలకు ఆధారం పోతుంది, వాల్వ్ లీకు మొదలవుతుంది. అలాంటప్పుడు మూలను విప్పి మళ్లీ కుట్టాలి, లేదా సొరంగం జోలికి పోకుండా ముందువైపు కొత్త నోరు చేయాలి, లేదా నాళాన్నే కోసి సరైన చోట అతకాలి. సొరంగం లేకపోతే అన్‌రూఫింగ్ అన్న మాటే రాదు. గుండె ఆపి అయోర్టా తెరిచాక ఇవన్నీ ఆలోచిస్తూ నిలబడటం నాకు ఇష్టం లేదు.

ఇంకో చోట ఇది నాకు మరీ నచ్చుతుంది. ఫాలో టెట్రాలజీ (పుట్టుకతోనే నాలుగు లోపాలు కలిసి ఉండే గుండె జబ్బు) పిల్లల్లో ఎల్ఏడీ (గుండె ముందుభాగానికి రక్తమిచ్చే) నాళం కుడి కరోనరీ నుంచి పుట్టి, మేం కోయాల్సిన కుడి జఠరిక ముందుభాగానికి అడ్డంగా పోతుంటుంది. నూటికి సుమారు ఐదుగురిలో కనిపిస్తుంది. దాన్ని తెగ్గొడితే ఇక చెప్పడానికేం లేదు. రెండోసారి ఆపరేషన్‌కు వచ్చిన పిల్లల్లో పైనంతా అతుక్కుపోయి నాళం కంటికి కనబడదు. పక్కన నమూనా ఉంటే ఎక్కడ గాటు పెట్టొచ్చో తెలుస్తుంది.

పని చేయని చోటు కూడా చెబుతా. పెద్ద ధమనులు తారుమారైన పసికందులకు జాటెన్ 1975లో విజయవంతంగా చేసి చూపించిన ఆర్టీరియల్ స్విచ్ చేస్తాం. కరోనరీలను అక్కడ బొత్తాల్లా కోసి అటు మారుస్తాం. వాటి అమరికే ప్రాణం. కానీ నవజాత శిశువు కరోనరీ ఒకటి, ఒకటిన్నర మి.మీ., గుండె నిమిషానికి నూట నలభై సార్లు కొట్టుకుంటుంది. సుధాకర్ గారి గడుల లెక్క ఇక్కడ వేసి చూడండి. ఎకోనూ, బల్ల మీద నా కళ్లనూ నమ్ముతా గానీ ఆ ప్రింట్‌ను నమ్మను. ఎడమ కరోనరీ పల్మనరీ ఆర్టరీ నుంచి పుట్టిన పాపాయిల్లో అయితే జబ్బు తేలిందంటే ఆపరేషనే, బొమ్మ కోసం ఆగేది లేదు.

నిజం_కావాలి

> ‘ఎలా చేయాలి’ అన్నదానికి వాడతాం

ఈ మాట ఒప్పుకుంటా డాక్టర్ గారూ. కాని పేషంటు ఇంట్లోవాళ్లకు ఈ తేడా ఎవరు చెబుతున్నారు? బొమ్మ చేతిలో పెట్టి, ఎర్ర రంగు నాళాన్ని చూపించి ‘చూడండి ఎలా నొక్కుకుపోయిందో’ అంటే ఏ తల్లి వద్దంటుంది? ఒప్పంద పత్రం మీద సంతకం దానంతటదే వస్తుంది.

పల్లవి_రేడియాలజీ

ఇది గట్టి ప్రశ్న. నేను కూడా బొమ్మను చూపించే ముందు కొలతలు చెప్పమంటాను.

ఆధారాల గురించి: ఉత్తర అమెరికా రేడియాలజీ సంఘం 2016లో 3డీ ప్రింటింగ్ కోసం ప్రత్యేక బృందం పెట్టి, ఏ జబ్బులో నమూనా తీయడం తగునో 2018లో సూచనలు ఇచ్చింది. 2019 జులైలో అమెరికాలో ఈ నమూనాలకు బిల్లింగ్ కోడ్‌లు వచ్చాయి. అయితే అవి మూడో తరగతి కోడ్‌లు. ‘కొత్త పద్ధతి, ఇంకా వివరాలు సేకరించాలి’ అన్నవాటికి ఇచ్చే తాత్కాలికమైనవి. అంటే నిజం గారి అనుమానం ఆ కోడ్ నంబరులోనే రాసి ఉంది!

బాలు_ప్రింట్స్

సుధాకర్ అన్నా, ఒక ఐడియా. మెత్తటి రబ్బరు లాంటి రెజిన్‌తో తీసి, పంపు పెట్టి లోపల నీళ్లు ఒత్తిడితో పంపిస్తే మాధవి గారు చెప్పిన కదలిక కూడా వస్తుంది కదా?

సుధాకర్_బయోమెడ్

చేస్తున్నారు బాలూ. న్యూయార్క్ రాష్ట్రంలో బఫెలో విశ్వవిద్యాలయం వాళ్లు పేషంట్ల సీటీ నుంచి కరోనరీలు ప్రింట్ తీసి, పంపుతో ద్రవం పంపి, బ్లాకుకు ముందూ తర్వాతా ఒత్తిడి కొలిచారు. ఎఫ్ఎఫ్ఆర్ 0.80 లేదా అంతకంటే తక్కువైతే ఆ బ్లాకు రక్తాన్ని నిజంగా ఆపుతోందని లెక్క. ఆ అంకెను బల్ల మీద రాబట్టగలమా అన్నది వాళ్ల ప్రయత్నం. ఉత్త నీళ్లు సరిపోవు, రక్తం చిక్కదనం రావాలంటే గ్లిజరిన్ కలుపుతారు.

కొవ్వు పేరుకున్న బ్లాకుకు ఇది కొంత నడుస్తుంది. ఇంట్రామ్యూరల్ నాళానికి మాత్రం చిక్కుంది. ఎంత నొక్కుకుంటుందన్నది గోడ మందం, సాగే గుణం మీద ఉంటుంది, ఆ రెండూ మన స్కాన్‌లో లేవు. రబ్బరును మనం ఎంచుకుంటాం, మందాన్ని మనం వేస్తాం. తర్వాత అది నొక్కుకుంటే రబ్బరు గురించి తెలుస్తుంది.

శ్రీహర్ష

నమూనా వచ్చింది. ఫొటో పెట్టను, మాటల్లో చెబుతా. పిడికిలంత ఉంది. అయోర్టా, కరోనరీలు మబ్బుగా పారదర్శకంగా, పల్మనరీ ఆర్టరీ నీలంగా, విడిగా ఊడి వచ్చేలా మాగ్నెట్‌తో అతికించారు. ఆ నీలం ముక్క తీస్తే కుడి కరోనరీ అయోర్టా భుజం మీద అడ్డంగా పాకుతూ కనిపించింది. పైనుంచి అయోర్టాలోకి టార్చి వేసి చూస్తే ఎడమవైపు నోరు గుండ్రంగా, దాని పక్కనే రెండోది బ్లేడుతో గాటు పెట్టినట్టు సన్నగా. స్కాన్ తెరమీద ఇన్నిసార్లు చూసినా నాకు ఎక్కనిది అప్పుడు ఎక్కింది. మా అమ్మ మాత్రం దాన్ని ముట్టుకోనంది.

ఒక సందేహం. కరోనరీ గోడ ఒక మి.మీ. పైనే మందంగా, అంతటా ఒకేలా ఉంది. నాళం గోడ అంత మందమా? సొరంగం ఉన్నచోట కూడా ఆ గోడ విడిగానే కనబడుతోంది, మరి ఇంట్రామ్యూరల్ కాదనుకోవాలా?

సుధాకర్_బయోమెడ్

చాలా మంచి గమనిక హర్షా. ఆ గోడ మీ తమ్ముడిది కాదు, కంప్యూటర్ వేసింది. సీటీలో కనిపించేది లోపలి రక్తం. దాని చుట్టూ ఒకటో ఒకటిన్నరో మి.మీ. తొడుగు సమానంగా వేసి, లోపలి రక్తాన్ని తీసేస్తాం. అంతకంటే పల్చగా వేస్తే సపోర్టులు ఊడదీసేటప్పుడే నాళాలు పుటుక్కున విరిగిపోతాయి. అందుకే సొరంగం ఉందా లేదా అన్నది ఈ గోడలు చూసి ఎప్పుడూ తేల్చకూడదు. నోరు ఆకారం, వాలు, మూలకు దూరం, ఇవి లోపలి వైపు కొలతలు కాబట్టి నమ్మొచ్చు, అదీ గడి తేడా గుర్తుపెట్టుకుని.

మీకు బోలు నమూనా ఇచ్చారు, అది మంచిదైంది. కొన్నిచోట్ల రక్తాన్నే గట్టిగా అచ్చు తీసి ఇస్తారు. అందులో నాళాల దారి బాగా తెలుస్తుంది గానీ లోపలికి చూడ్డానికేం ఉండదు. నోరు చూడాలనుకునేవాళ్లకు అది దండగ.

డా_వంశీ_పిల్లల_గుండె

హర్ష గారూ, మీ సర్జన్‌ను మూడు అడగండి: ఆ చీలిక వాల్వ్ మూలకు పైనుందా కిందుందా, స్ట్రెస్ పరీక్షలో కుడివైపు కండరానికి రక్తం తగ్గిందా, అన్‌రూఫింగ్ కుదరకపోతే రెండో దారి ఏమిటి. మొదటిదానికి ఆయన నమూనాను చేతిలోకి తీసుకుంటారు. రెండోదానికి తీసుకుంటే మాత్రం నాకు మెసేజ్ పెట్టండి.

కవిత_అమ్మ

మధ్యలో వస్తున్నా, క్షమించండి. మా బాబుకు కవాసాకి జబ్బు (చిన్నపిల్లల్లో రక్తనాళాలు వాచే జబ్బు) వచ్చి కరోనరీ ఒకచోట ఉబ్బింది. మేమూ ఇలాంటి నమూనా అడగాలా?

పల్లవి_రేడియాలజీ

కవిత గారూ, ఇప్పుడు అక్కర్లేదు. కవాసాకిలో మందులు, జాగ్రత్తలు ఉబ్బు సైజును బట్టి మారతాయి. 8 మి.మీ. దాటినా, పిల్లవాడి ఒంటి కొలతకు సరిచూసే జడ్-స్కోరు 10కి చేరినా దాన్ని జెయింట్ అన్యూరిజం అంటారు, అప్పుడు రక్తం గడ్డకట్టకుండా గట్టి మందులే వేస్తారు. ఇవన్నీ ఎకోలో కొలుస్తూ పోతారు. పైగా ఉబ్బు మారుతూ ఉంటుంది, పోయిన నెల ప్రింట్ ఈ నెలకు పాతబడుతుంది. ఎప్పుడైనా బైపాస్ దాకా వస్తే అప్పుడు సర్జన్ అడుగుతారు.

శ్రీహర్ష

వంశీ గారి ప్రశ్నలు అడిగాను. చీలిక మూలకు పైనే ఉందట, అంటే అన్‌రూఫింగ్‌కు వీలుందన్నారు. స్ట్రెస్ స్కాన్‌లో కుడివైపు రక్తం తగ్గుతోందని తేలింది, కళ్లు తిరిగి పడటం కూడా ఉంది కాబట్టి ఆపరేషన్ చేద్దామన్నారు. రెండో ప్రశ్నకు నమూనా ముట్టుకోలేదు డాక్టర్ గారూ, స్ట్రెస్ రిపోర్టే తీశారు :) సొరంగం పొడవు లోపలికి వెళ్లాకే తెలుస్తుందని ఆయనే ముందుగా చెప్పారు. తమ్ముడు ఆ నమూనా తన టేబుల్ మీద పెట్టుకుని వచ్చిన ప్రతివాడికీ టార్చి వేసి చూపిస్తున్నాడు.

రఘు_కొత్త

ఈ చర్చ మొత్తం చదివాను. మా నాన్నగారికి 66. సీటీలో ఎల్ఏడీలో కాల్షియంతో పెద్ద బ్లాకు ఉందన్నారు, స్టెంట్ వేయాలంటున్నారు. స్కాన్ సీడీ ఉంది. బాలు గారిలాంటి వాళ్లెవరైనా ప్రింట్ తీసిస్తే బ్లాకు ఎంతుందో మేమే చూసుకోవచ్చా?

బాలు_ప్రింట్స్

పంపండి, తీసిస్తా. ఫైలు ఎస్‌టీఎల్‌గా మార్చడం ఈజీనే.

సుధాకర్_బయోమెడ్

ఆగు బాలూ. రఘు గారూ, ఆ సీడీలో ప్రతి బొమ్మకూ వెనక నాన్నగారి పేరు, పుట్టిన తేదీ, ఆసుపత్రి నంబరు అతికి ఉంటాయి. ఎవరికి పంపినా వాటిని తీసేయకుండా పంపకండి.

పల్లవి_రేడియాలజీ

రఘు గారూ, పంపనే వద్దు. కాల్షియం సీటీలో ఉన్నదానికంటే లావుగా వికసించి కనబడుతుంది. దానితో ప్రింట్ తీస్తే సగం బ్లాకు కూడా పూర్తిగా మూసుకుపోయినట్టు వస్తుంది. అంతేకాదు, కాల్షియమూ కాంట్రాస్ట్ కలిసిన రక్తమూ రెండూ తెల్లగానే ఉంటాయి కాబట్టి, తెలియనివాళ్లు గీత గీస్తే కాల్షియాన్ని కూడా రక్తంలో కలిపేసి బ్లాకే లేదని చూపించొచ్చు. మామూలు బ్లాకుకు యాంజియోగ్రామ్, సందేహముంటే అక్కడే ఎఫ్ఎఫ్ఆర్. ‘ఎఫ్ఎఫ్ఆర్ చేస్తారా, అంకె ఎంత వచ్చింది’ అని మీ కార్డియాలజిస్టును అడగండి.